వదిన బ్యాగుకి అన్నయ్య కొలత

మా అన్నయ్య కొలత తప్పడు. ఇది నా గొప్ప కోసం చెబుతున్న మాట కాదు, మా వీధిలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. గోడలో ఖాళీ చూపించి ఇక్కడ బీరువా కావాలంటే, ఆ బీరువా వచ్చి కూర్చున్నాక పక్కన కాగితం ముక్క కూడా దూరదు. టేపు పెట్టి కొలుస్తాడు, చెవి మీద పెన్సిల్ తీసి చెక్క మీద గీత పెడతాడు, మళ్ళీ కొలుస్తాడు, అప్పుడు గానీ రంపం ముట్టుకోడు. చేతిలో ఇంత నేర్పు ఇచ్చిన దేవుడు నోటి దగ్గరికొచ్చేసరికి పిసినారితనం చూపించాడు. అన్నయ్య చేత ఒక మాట మాట్లాడించాలంటే నా తల ప్రాణం తోకకి వస్తుంది. అలాంటి మనిషి మా వదిన విమానం బ్యాగు దగ్గర కొలత తప్పాడు. ఆ కథ చెప్పాలంటే ముందు మా వదిన సంగతి చెప్పాలి.

వదిన ఫోటోగ్రాఫర్. మా ఇంటికి రాకముందు నుంచే. పెద్ద బజార్లో ఒక స్టూడియోలో పనిచేస్తూ, ఫోటోలకి ఫ్రేములు కట్టించడానికి మా అన్నయ్య దగ్గరికి వచ్చేది. ఫోటో అంచు వంకరగా కోశారని అన్నయ్య తిప్పి పంపేవాడు. వంకర ఫోటోది కాదు, మీ ఫ్రేముదని వదిన మళ్ళీ పట్టుకొచ్చేది. ఆ తగువు సాగి సాగి పెళ్ళి దాకా వెళ్ళింది. వంకర ఎవరిదన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.

మా ఇల్లు మేడ మీద. కింద ముందు గది వదిన స్టూడియో, వెనక రేకుల షెడ్డు అన్నయ్య వడ్రంగం. నేను స్టూడియో కౌంటర్లో కూర్చుంటాను. పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించి కవర్లో పెట్టడం, ఫోనెత్తడం, ఫోటోలో తమ ముఖం తమలా లేదని వచ్చేవాళ్ళతో పోట్లాడటం నా పనులు. మొదటి రెండూ ఎవరైనా చెయ్యగలరు, మూడోదానికి నేనే ఉండాలి. యాభై దాటాయి నాకు, అయినా వాళ్ళిద్దరికీ నేను పాపనే.

కిందటేడు ఒక ఆఫీసు వాళ్ళ గ్రూపు ఫోటో తీయడానికి వదిన నిచ్చెన ఎక్కింది. నిచ్చెన జారింది. ఇంకెవరైనా అయితే కెమెరా వదిలేసి ఏదో ఒకటి పట్టుకునేవాళ్ళు. ఈవిడ కెమెరాని రెండు చేతులా గుండెకి హత్తుకుని కుడి భుజం మీద పడింది. కెమెరాకి గీత కూడా పడలేదు. భుజానికి మాత్రం లోహపు పట్టీ పెట్టి స్క్రూలు బిగించారు. మత్తు దిగాక మొదట కెమెరా ఎలా ఉందని అడిగింది. రెండోసారి నోరు తెరిచి, "ఇక నేను కూడా మీ అన్నయ్య చేసిన కుర్చీ బాపతే పాపా, స్క్రూల మీద నిలబడాల్సిందే" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఎముక అతుక్కుంది. కుడి చెయ్యి మాత్రం భుజం దాటి పైకి లేవడానికి మొరాయిస్తుంది. మెల్లగా వస్తుంది, తొందరపడొద్దు అన్నాడు డాక్టరు. ఆ నొప్పి వదిన ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది మనుషుల్ని. కూరల సంచీ పట్టుకుని వీధిలోకి వస్తే చాలు, ఎవరో ఒకరు ఎదురొచ్చి "ఉండమ్మా, నీకెందుకూ" అని లాగేసుకునేవారు. కుర్చీ జరపబోతే కుర్చీ జరిగిపోయేది. బయటి పనులు ఒక్కొక్కటే జారిపోయాయి. ఎవరూ అన్యాయం చెయ్యలేదు, అందరూ జాలిపడ్డారు. ఆవిడ చేత కాదులే పాపం అనుకుని వేరేవాళ్ళని పిలుచుకున్నారు.

దాంతో వదిన స్టూలు మీద కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు తీయడానికి మిగిలింది. గడ్డం కొంచెం పైకి, చెవులు కనబడాలి, నవ్వకండి. రోజంతా ఇవే మాటలు. ఒక సాయంత్రం షట్టరు దించుతుంటే అంది, "పాపా, మనుషుల్ని నవ్వొద్దని చెప్పడానికా నేను ఈ పని నేర్చుకున్నది?" షట్టరుకి తాళం వేసి, వేశానో లేదోనని మళ్ళీ లాగి చూశాను.

అలా ఉండగా ఫోను వచ్చింది. నేనే ఎత్తాను. ఎక్కడో సముద్రం ఒడ్డున ఓడలు కట్టే యార్డు నుంచి, అక్కడ ఉద్యోగుల వ్యవహారాలు చూసే అధికారిణి. యార్డులో ఏళ్ళ తరబడి పనిచేసిన వాళ్ళ గురించి ఒక పుస్తకం వేస్తున్నారట. ఒక్కొక్కళ్ళనీ వాళ్ళ పనిలో ఉండగా ఫోటో తీయాలట. ఆవిడ చిన్నప్పటి కుటుంబం ఫోటో వదిన తీసిందేనట. "మా నాన్నగారు నవ్విన ఫోటో మా ఇంట్లో అదొక్కటే ఉందండీ. అందుకే వెతుక్కుంటూ మీకు చేశాను" అంది. స్పీకరు పెట్టి వదినకి ఫోను ఇచ్చాను.

అన్నీ మాట్లాడుకున్నాక ఆవిడ చివర్లో ఒకటి అడిగింది. విమానం టికెట్టు ఒకరికే ఇవ్వగలరట, సహాయకులకి ఇవ్వరట. యార్డులో కూడా పక్కన మనిషిని పెట్టడం కుదరదట. "మీ సామాను మీరే మోసుకోగలరు కదండీ?" అంది.

"మోసుకోగలనండీ" అంది వదిన. తడుముకోలేదు.

ఫోను పెట్టేశాక, తుడిచిన కెమెరానే మళ్ళీ తుడుస్తూ కూర్చుంది. సంతోషం అనుకున్నాను. కాదు. "పాపా, ఇది చెయ్యగలిగితే నేను ఫోటోగ్రాఫర్ని. అక్కడికి వెళ్ళి నా సంచీ నేను ఎత్తుకోలేక నలుగురి ముందు నిలబడ్డానో, మళ్ళీ కెమెరా పట్టను. స్టూడియో అమ్ముకుంటావో, లామినేషన్ కొట్టు పెట్టుకుంటావో నీ ఇష్టం" అంది. వదిన బెదిరించడానికి మాట్లాడే మనిషి కాదు. వెంటనే షెడ్డులోకి వెళ్ళి అన్నయ్య చెవిన వేశాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఇద్దరికీ కలిపి హుకుం జారీ అయింది. "జాలిపడి నాకెవరూ ఏమీ చెయ్యకండి. చేస్తే నాకు తెలిసిపోతుంది." నేను బుద్ధిగా తలూపాను. అన్నయ్య "సరే" అన్నాడు. ఆ పూటకి ఆయన మాట్లాడింది అంతే.

ఇక బ్యాగు. వదిన సామాను ఇన్నాళ్ళూ ఒక అల్యూమినియం పెట్టెలో ఉండేది. అవసరమైతే దాని మీదే ఎక్కి నిలబడి ఫోటో తీసేది. దాన్ని విమానంలో పైకి తీసుకెళ్ళనివ్వరు. కింద సామాన్లలో వేసి పంపడానికి వదిన ససేమిరా అంది. కెమెరాని తెలియని చేతుల్లో పెట్టడం ఒక బాధ, విడి బ్యాటరీలు కింద వెయ్యకూడదన్న నియమం ఇంకొకటి. కాబట్టి అంతా ఒకే సంచీలో సర్దుకుని, వీపున తగిలించుకుని, తన సీటు మీద ఉండే అరలో తనే ఎత్తి పెట్టుకోవాలి.

సామానంతా భోజనాల బల్ల మీద పరిచింది. రెండు కెమెరాలు, చిన్న లెన్సులు, ఫ్లాషు, ఛార్జర్లు, తుడిచే గుడ్డలు. వీటన్నిటి మధ్యా పెద్దాయన. పెద్దాయనంటే మా ఇంట్లో వదిన పొడుగాటి లెన్సు. దూరాన్ని దగ్గరికి లాక్కొచ్చే లెన్సు అది, మోచేతి పొడుగు ఉంటుంది, బరువు కూడా పేరుకి తగ్గట్టే. ఇంట్లో దానికి జరిగే మర్యాద నాకు జరగదు. వదిన కిందికి వెళ్ళాక అన్నయ్య వచ్చి ఆ బల్ల చుట్టూ తిరిగాడు. ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూసి పెట్టాడు. పెద్దాయన్ని రెండుసార్లు ఎత్తాడు. ఏంటన్నయ్యా అంటే ఏం లేదన్నాడు.

మర్నాడు విమానం కంపెనీ వాళ్ళు పైకి ఎంత సంచీ తీసుకెళ్ళనిస్తారో నా ఫోన్లో చూసి పొడుగు, వెడల్పు, లోతు చదివాను. అన్నయ్య చెక్క మీద రాసుకున్నాడు. సాయంత్రానికి పైన మూత లేని ప్లైవుడ్ పెట్టె ఒకటి తయారైంది. అంచులకి చిత్రిక కూడా పట్టాడు, చేతులు గీసుకోకుండా. "దీంట్లో పట్టిన బ్యాగే కొనాలి" అన్నాడు. విమానాశ్రయంలో బ్యాగులు కొలిచే చట్రం ఉంటుందట, దానికి ఇది అచ్చు.

ఆ పెట్టెని చంకలో పెట్టుకుని ముగ్గురం బజారుకి బయల్దేరాం. బస్సులో పక్కాయన అది పావురాల గూడా అని అడిగాడు. అవునండీ, మా వదిన పెంచబోయే పావురాలు కొత్తగా కాపరానికి వస్తున్నాయి అన్నాను. వదిన నా డొక్కలో పొడిచింది.

బ్యాగుల దుకాణంలో వదిన బేరం చూడాల్సింది. దుకాణదారు కళ్ళజోడు మెడలో వేలాడేసుకున్న పెద్దమనిషి. వరసగా దించి చూపిస్తున్నాడు. వదిన రంగు చూడలేదు, పేరు చూడలేదు. ముందు ఖాళీ బ్యాగు ఎడమ చేత్తో ఎత్తేది. ఒకదాన్ని అలా ఎత్తి, "ఒట్టి బ్యాగే ఇంత బరువుంటే ఇక కెమెరాలెందుకండీ, దీన్నే తీసుకెళ్ళి వాళ్ళకి చూపించి వస్తాను" అని కింద పెట్టేసింది. తర్వాత వీపున తగిలించుకుని, కళ్ళు మూసుకుని, జిప్పు ఎక్కడుందో చెయ్యి తనంతట తాను కనిపెడుతుందో లేదో చూసేది. ముందు నుంచి తెరుచుకునేవి వద్దంది. వీపు వైపు తెరుచుకునేది కావాలి, ఎందుకంటే నేల మీద పడుకోబెట్టినా ఒంటికి తగిలే వైపు మురికి కాదు, వెనక నిలబడినవాడి చెయ్యి లోపలికి పోదు. నడుముకి కట్టుకునే పట్టీ వెడల్పుగా ఉండాలి. అలాంటి పట్టీ ఒకటి బిగించుకుని నాలుగు అడుగులు వేసి ఆగింది. "పాపా, బరువు నడుము మీదికి దిగింది. భుజం మీద ఏమీ లేనట్టే ఉంది" అంది. ఏడాది తర్వాత ఆవిడ ముఖంలో ఆ వెలుగు చూశాను.

ఆ బ్యాగు నల్లటిది. లోపల మెత్తటి గళ్ళు, మనకి కావలసినట్టు జరుపుకోవచ్చు. ఇంట్లోంచి తెచ్చిన సామాను సర్ది చూసింది. అన్నీ పట్టాయి. పెద్దాయన కూడా పక్కకి ఒత్తిగిలి హాయిగా పడుకున్నాడు. వదిన జిప్పు వేసి అన్నయ్య వైపు చూసింది.

అన్నయ్య పెట్టె నేల మీద పెట్టి బ్యాగుని అందులోకి దించాడు. సగం దాకా వెళ్ళి ఇరుక్కుంది. నొక్కితే పెట్టె మూలలు కిర్రుమన్నాయి.

"ఇది విమానం సైజేనండీ" అన్నాడు దుకాణదారు. "రోజూ అమ్ముతున్నాం. ఒక్కరూ వెనక్కి తేలేదు."

"తేవడానికి వాళ్ళని విమానం ఎక్కనిస్తే కదా, అక్కడే ఆపేసి ఉంటారు" అన్నాను. నా నోరు అంతే.

"లేబులు చూడండమ్మా, కొలతలు రాసే ఉన్నాయి."

"మా అన్నయ్య చేతి కొలత ముందు మీ లేబులు ఎంతండీ?"

దుకాణదారుకి ఒళ్ళు మండినట్టుంది. సొరుగులోంచి టేపు తీసి, "ఏదీ, ఆ పెట్టె ఇలా ఇవ్వండి, కొలుద్దాం" అన్నాడు. అన్నయ్య పెట్టె చంకలో పెట్టుకుని అప్పటికే గుమ్మం దిగుతున్నాడు. మేమూ వెనకే వెళ్ళాం.

ఇంకో దుకాణంలో బూడిద రంగుది దొరికింది. పోలికలన్నీ అవే, కాస్త చిన్నది. అన్నయ్య పెట్టెలోకి సర్రున దిగింది. ఖాళీగా తేలిగ్గా ఉంది, పట్టీ బాగుంది, వీపు వైపు తెరుచుకుంటుంది. సామాను కూడా పట్టింది, పెద్దాయన తప్ప. వదిన పెద్దాయన్ని ఎన్ని రకాలుగానో పెట్టి చూసింది. నిలువుగా, అడ్డంగా, రెండో కెమెరా తీసేసి. ఊహూఁ.

ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. "యార్డంటే క్రేన్లుంటాయి, ఓడ పైన మనుషులుంటారు. నేను నిచ్చెన ఎక్కలేను కదా. ఈయన ఉంటే కింద నిలబడే అందుకునేదాన్ని" అంది. అన్నయ్యా, పోనీ ఆ నల్లదే కొని చూద్దామా, కాస్త ఇటూ అటూ అయితే వాళ్ళేమంటారులే అన్నాను. అన్నయ్య ఆ బూడిద బ్యాగు పట్టీ కుట్టు గోటితో లాగి చూస్తున్నాడు. తలెత్తకుండానే "కొలత కొలతే" అన్నాడు. బూడిదది కొన్నాం.

తర్వాత షెడ్డులో ఒక మూల అల్మరా లేచింది. విమానంలో సీట్ల మీద ఉండే అరలాంటిదే, మూతతో సహా. ఎత్తు కూడా అంతేనన్నాడు అన్నయ్య. రోజూ పొద్దున్నే వదిన బ్యాగు తగిలించుకుని షెడ్డులోకి వెళ్ళేది. మొదట ఖాళీ బ్యాగు, తర్వాత రోజుకొక వస్తువు వేసుకుంటూ. ఎడమ చెయ్యి పైపిడి పట్టుకోవాలి, కుడి అరచెయ్యి అడుగున పెట్టాలి, మోకాళ్ళ నుంచి ఊపు తీసుకోవాలి. మొదటి వారం బ్యాగు అర అంచుకి తగిలి వెనక్కి వచ్చేసేది. ఆవిడ పళ్ళ బిగువున మళ్ళీ ఎత్తేది. పట్టుకోబోయి నేనొకసారి చివాట్లు తిన్నాను.

అన్నయ్య మాత్రం ఎప్పుడూ అటు వీపు పెట్టి ఉలి నూరుకుంటూ ఉండేవాడు. నాకు ఒళ్ళు మండింది. కట్టుకున్న భార్య అలా అవస్థ పడుతుంటే ఈ మనిషికి ఉలి పదును ఎక్కువైందా అనుకున్నాను. ఒకరోజు పక్కకి వెళ్ళి నిలబడితే తెలిసింది. ఆయన ముందు గోడకి ఫ్రేముల అద్దాలు ఆనించి ఉన్నాయి. అందులో వదిన కనబడుతోంది. బ్యాగు పైకి లేచినప్పుడల్లా అన్నయ్య చెయ్యి ఆగిపోతోంది, అరలో పడ్డాక మళ్ళీ కదులుతోంది. నేను అడుగుల చప్పుడు లేకుండా కౌంటర్లోకి వచ్చేశాను.

ప్రయాణం నాడు విమానాశ్రయం గుమ్మం దాకా వెళ్ళాం. లోపలికి మమ్మల్ని రానివ్వరు. వదిన నడుము పట్టీ బిగించుకుని, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది. కాసేపటికి నా ఫోనుకి చేసింది, స్పీకరు పెట్టాను. నవ్వుతోంది. "ఏమండీ, ఇక్కడ కొలత చట్రంలో నా బ్యాగు పెట్టమన్నారు. పెడితే లోపల గలగలమని ఆడుతోంది. పక్కన ఇంకో రెండు పుస్తకాలు పడతాయి. ఆ నల్లదయితే సరిగ్గా సరిపోయేది. మీ పెట్టె చిన్నదండీ."

అన్నయ్య చెవి మీద పెన్సిల్ సర్దుకున్నాడు. "పలక మందం మర్చిపోయాను. పెట్టె బయటి కొలత పట్టాను" అన్నాడు.

బీరువాలు చేసేవాళ్ళకి అది అలవాటే. గోడలో ఖాళీ ఎంతో చెబుతారు, బీరువా బయటి కొలత అంతకి సరిపోవాలి, లోపల ఎంత మిగిలితే అంత. ఆ అలవాటులో బ్యాగుల పెట్టెకీ బయటి కొలతే పట్టాడన్నమాట. నాలుగు పక్కలా చెక్క మందం లోపల కలిసిపోయి పెట్టె బిగిసిపోయింది. వదినకి నవ్వొచ్చింది గానీ నాకు పెద్దాయన గుర్తొచ్చి కడుపు మండింది. నల్ల బ్యాగు దుకాణదారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. పాపం, పెద్దమనిషిని ఎన్ని మాటలన్నాను.

ఆ మంట అన్నయ్య మీద తీర్చుకున్నాను. పక్కన సోఫాలు కుట్టే బాబాయికి చెప్పాను. బాబాయికి చెప్పడమంటే వీధికి మైకు పెట్టినట్టే. సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయింది. వచ్చినవాళ్ళందరూ "ఏమయ్యా, మా బీరువా అయినా గుమ్మంలోంచి దూరుతుందా?" అని అడిగేవాళ్ళే. బాబాయి అయితే షెడ్డు ముందు నిలబడి తన పొట్ట చుట్టూ టేపు చుట్టుకుని, "ఇది బయటి కొలతా, లోపలి కొలతా?" అన్నాడు. పని గురించి ఒక్క మాట అన్నా ఊరుకోని మనిషి అన్నయ్య. ఒకసారి తలుపు బిగుతుగా ఉందన్నందుకు తలుపే విప్పి వెనక్కి తెచ్చేశాడు. ఈసారి మాత్రం తల వంచుకుని చిత్రిక పట్టుకున్నాడు. తప్పు చేసినవాడు ఏం మాట్లాడతాడులే అనుకున్నాను.

వారం తర్వాత వదిన వచ్చింది. గుమ్మంలోనే బ్యాగు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎండకి నల్లబడింది, పదేళ్ళు తగ్గింది. భోజనాల దగ్గర నోరు ఆగలేదు. వెల్డింగు చేసే మనిషి ముసుగు ఎత్తి నవ్వుతున్న ఫోటో, రంగులు వేసే అన్నదమ్ములు, ఓడ కడుపులో దీపం పట్టుకుని కూర్చున్న ముసలాయన. చిన్న లెన్సులు కాబట్టి అందరి దగ్గరికీ వెళ్ళాల్సి వచ్చింది, కూర్చుని కబుర్లు చెప్పాల్సి వచ్చింది.

ఒక్క ఫోటో మాత్రం పోయింది. యార్డులో పెద్ద క్రేను నడిపేది ఒక ఆవిడ. మేఘాల్లో ఉన్నట్టుండే గాజు గదిలో కూర్చుని కిందికి చెయ్యి ఊపిందట. వదిన తీసిన ఫోటోలో ఆవిడ ఒక చుక్క. నిచ్చెన చాలా పొడుగు, ఎక్కలేదు.

"ఆవిడ దిగాక తియ్యకపోయావా?" అన్నాను.

"దిగాక ఆవిడ సంచీ పట్టుకుని ఇంటికి పోయే మనిషి పాపా. నాకు కావాల్సింది పైన కూర్చున్న మనిషి. పెద్దాయన ఉంటే దొరికేది." అని అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య కంచంలోకి చూస్తూ "అవును" అన్నాడు.

"పోనీలెండి. బ్యాగు మాత్రం బాగా ఎత్తాను. వెనకాయన చెయ్యి చాచేలోపే పైన పెట్టేశాను. అయినా ఆ అర అంత ఎత్తులో ఏమీ లేదండీ, మన షెడ్డులో దానికన్నా జానెడు కిందే ఉంది. నేను ఎత్తిన ఊపుకి బ్యాగు పోయి లోపల గోడకి కొట్టుకుంది" అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

మర్నాడు పొద్దున అన్నయ్యకి కాఫీ ఇవ్వడానికి షెడ్డులోకి వెళ్ళాను. వెనకే వదిన వచ్చింది. ఒక చేతిలో ఆ ప్లైవుడ్ పెట్టె, ఇంకో చేతిలో పెద్దాయన. రెండూ పనిబల్ల మీద పెట్టింది.

"ఏమండీ, పెట్టె తప్పారు, సరే. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు తప్పుతాడు. అల్మరా కూడా తప్పారా?"

అన్నయ్య ఉలి నూరుతూనే ఉన్నాడు.

"పెట్టె చిన్నదైంది. అల్మరా ఎత్తైంది. కొలత తప్పేవాడు ఒకసారి ఇటు తప్పుతాడు, ఒకసారి అటు తప్పుతాడు. మీరు రెండుసార్లూ నా వైపే తప్పారు."

ఉలి ఆగింది. నా చేతిలో కాఫీ ఆగింది. దుకాణంలో పెట్టె చంకలో పెట్టుకుని దిగిపోయిన మనిషి, బల్ల మీద పెద్దాయన్ని రెండుసార్లు ఎత్తి చూసిన మనిషి, వీధంతా ఎకసెక్కాలాడితే తల వంచుకున్న మనిషి, అందరూ ఒక్కసారే నా కళ్ళ ముందు నిలబడ్డారు. సోఫా బాబాయికి చెప్పిన నా నాలుకని ఏం చేసినా పాపం లేదనిపించింది.

"నల్లది నిండితే నువ్వు ఎత్తలేవు" అన్నాడు అన్నయ్య. "అప్పటికి ఎత్తలేవు. నేను ఎత్తి చూశాను కదా."

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా."

"చెబితే చిన్నది కొనేదానివా?"

వదిన ఆలోచించింది. "కొనేదాన్ని కాదు" అంది. "పంతానికి నల్లదే కొనేదాన్ని."

"అదీ."

"జాలిపడొద్దని చెప్పానా లేదా మీకు?" పెట్టె మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. "నాకు చాలా కోపంగా ఉందండీ."

"జాలి కాదు" అన్నాడు అన్నయ్య. ఉలి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మాటలు వెతుక్కోవడం ఆయనకి చెక్కలో మేకు వెతకడం కన్నా కష్టం. "భయం. అక్కడ ఎత్తలేకపోతే తిరిగొచ్చి కెమెరా పక్కన పడేస్తానన్నావు. పాప చెప్పింది. నువ్వు ఆ పని మానేసి ఇంట్లో కూర్చుంటే, నేను నీతో ఎలా ఉండాలో నాకు తెలీదు."

ఇన్నేళ్ళలో మా అన్నయ్య ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుని, పెద్దాయన మీద లేని దుమ్ము తుడిచింది.

"క్రేను ఆవిడ ఫోటో మీవల్లే పోయింది" అంది.

"పోయింది."

"రాత్రి యార్డుకి ఫోను చేశాను. ఆవిడ రిటైరయ్యేలోపు ఇంకొక్కసారి వస్తానన్నాను. రమ్మన్నారు." ప్లైవుడ్ పెట్టెని అన్నయ్య ముందుకి తోసింది. "ఈసారి లోపలి కొలత పట్టండి. సాయంత్రం ఆ నల్ల బ్యాగు దుకాణానికి వెళ్దాం. పాప ఆ పెద్దమనిషికి రెండు మంచి మాటలు బాకీ ఉంది."

అన్నయ్య తలూపాడు. స్క్రూడ్రైవరు తీసుకుని మూలనున్న అల్మరా దగ్గరికి నడిచాడు, జానెడు కిందికి దించుదామని.

"దాని జోలికి వెళ్ళకండి" అంది వదిన. "అది అక్కడే ఉండనివ్వండి. నల్లదాన్ని కూడా అంత ఎత్తుకే ఎత్తుతాను."

అన్నయ్య స్క్రూడ్రైవరు కింద పెట్టి, టేపు తీశాడు.